మా కొత్త కచ్చురం

“ఎట్లున్నవు బాపూ?”

“మంచిగనే వున్న.”

“మందులు వేసుకుంటున్నవా?”

“ఏసుకుంటున్న. నువ్వెట్లున్నవు?”

“మంచిగనే వున్న.”

రాత్రి ఎనిమిది గంటలకు హనుమకొండలోని మా యింటికీ, పరకాల దగ్గరి మా పల్లెకూ నడుమ ఫోనులో రోజూ జరిగే సంభాషణ యింతే. అమ్మ పోయిన నాటినుంచి, అంటే ఏడాదిన్నరగా, యిందులో ఒక్క మాట మారలేదు. ఎనభై రెండేళ్ళ మా బాపు ఆ యింట్లో ఒక్కడే వుంటాడు. హనుమకొండకు రమ్మంటే, “మీ యింట్ల పొద్దు పోదు” అంటాడు. నాకా, యింకా కొద్ది నెలల సర్వీసు మిగిలి వుంది. హైస్కూలు వదిలి పల్లెకు పోయి కూర్చోలేను. ఇద్దరం చెరొకసారి ‘మంచిగనే వున్న’ అనుకుని ఫోను పెట్టేస్తే, ఆ పూటకు నా బాధ్యత తీరిపోయినట్టు వుండేది.

ఇటువంటి మా యిద్దరి మధ్యకు పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక మోటారు బండి వచ్చింది.

మా అక్క కొడుకు యింజనీరింగు చదివాడు. హైదరాబాదులో మంచి ఉద్యోగం చేస్తూ చేస్తూ, అది మానుకుని ఒక పాత టెంపో ట్రావెలరు కొన్నాడు. సీట్లన్నీ పీకించి, లోపల రెండు పక్కలా పడకబల్లలు, ఒక గ్యాసు పొయ్యి, నెత్తిమీద నీళ్ళ ట్యాంకు, వెనక మూలన తెర చాటున చిన్న పాయిఖానా అమర్చాడు. దాన్ని క్యాంపరు అంటారట. అద్దెకు తీసుకుని జనం కొండలూ కోనలూ తిరుగుతారట. సంక్రాంతికి అరకు దాకా ఒకసారి నడిపి చూసుకుంటానని వాడు ఫోనులో తాతకు చెబితే, అటునుంచి కొంతసేపు చప్పుడు లేదట. తరువాత మా బాపు, “అరకా? గాడ నేను రెండు చలికాలాలు రైలు పట్టాల పని చేసిన. 1963ల, 1964ల” అన్నాడట.

నాకు అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. బాపు పడుచుతనంలో ఎక్కడో రైలు పని చేశాడని విన్నానే గాని, ఆ ఎక్కడో అరకు అని నాకు తెలియదు. నేను అడగలేదు గనుక ఆయన చెప్పలేదు.

రైలులోనో, బస్సులోనో తీసుకుపోదామంటే ఆయనకు గంటకొకసారి లేవవలసి వస్తుంది. బండిలోనే అన్నీ వున్నాయి గనుక అందరం అందులోనే పోదామన్నాడు మేనల్లుడు. మా ఆవిడ మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుంది.

“పండుగపూట యిల్లు వదిలి బండిలో సంసారమా? ముగ్గెక్కడ పెట్టను?”

అన్నదే గాని, తెల్లవారేసరికి సకినాల డబ్బా, పల్లీల పొడి, నాలుగు చద్దర్లు, పిడికెడు ముగ్గుపిండితో సహా ఆవిడే ముందు ఎక్కి కూర్చుంది.

పల్లె దగ్గర బండి ఆగగానే మా బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాన్ని చేత్తో తట్టాడు. తలుపులోంచి తొంగి చూసి, “గిది కచ్చురమే గద! ఎడ్లు లేవు, గంతే” అన్నాడు.

ఆ మాటతో నా చిన్నతనం నాకు కళ్ళముందు నిలబడింది. మా వరంగల్లు వాళ్ళకు చక్రాల మీది సంసారం కొత్తేమీ కాదు. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల జాతరకు మేడారం పోవాలంటే కచ్చురం కట్టుకునే పోయేవాళ్ళం. పైన వెదురు తడకల గూడు, లోపల మెత్తగా వరిగడ్డి, దానిమీద బొంత, యిరుసు కింద ఊగే లాంతరు. అమ్మలకు మొక్కిన బెల్లం మూట తలగడ. రాత్రి ఎక్కడ చీకటిపడితే అక్కడే ఎడ్లను విప్పి, మూడు రాళ్ళు పెట్టి అమ్మ వంట చేసేది. ఆ గూట్లో ఏడుగురం పడుకునేవాళ్ళం. ఎవరు దగ్గినా, ఎవరు కలవరించినా అందరికీ తెలిసేది. తరువాత మేము యిళ్ళు కట్టుకున్నాము. ఒక్కొక్కరికి ఒక్కొక్క గది, ప్రతి గదికీ ఒక తలుపు.

ములుగు, ఏటూరునాగారం అడవి దాటి ఆ రాత్రికి భద్రాచలం చేరాము. గోదావరి ఒడ్డున ఒక సత్రం ఆవరణలో అనుమతి అడిగి బండి నిలిపాము. మరునాడు చింతూరు దారిన పోతుంటే, కొంతసేపటికే ఆంధ్రప్రదేశ్ అన్న బోర్డు కనబడింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో వుండిపోయి, చుట్టుపక్కల మండలాలు 2014లో ఆంధ్రలో కలిసినవి గదా. చింతూరు దాటాక మారేడుమిల్లి ఘాటు మొదలయింది. తూర్పు కనుమలంటే మేము పిల్లలకు మ్యాపులో ఒక గోధుమరంగు గీతగా చూపిస్తాము. సముద్రానికి దగ్గరగా, తీరం వెంబడి తెగుతూ కలుస్తూ పోయే గీత. ఆ గీతలోపల యింత వెదురు, యిన్ని వాగులు, యిన్ని మలుపులు వున్నాయని పాఠం చెప్పే నాకే తెలియదు.

రంపచోడవరంలో ఒక రాత్రి గడిపి, అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేటల మీదుగా నర్సీపట్నం పోయాము. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మూడు రోజులు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన దారి అది. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. కాని ఆ దూరాలు మోటారులోనే మాకు గంటలు పట్టినవి. వాళ్ళు అడవిలో కాలినడకన పోయారు. “గీ కొండలల్ల నడిస్తె తెలుస్తది” అన్నాడు బాపు. అంతకు మించి తన సంగతి ఏమీ చెప్పలేదు.

నర్సీపట్నం దాటి ఘాటెక్కితే లంబసింగి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దానికే కొర్రబయలు అని యింకో పేరు. రాత్రి బయట వుంటే మనిషి కొయ్యబారిపోతాడని ఆ పేరట. మా వరంగల్లులో చలికాలమంటే పొద్దున మఫ్లరు, మధ్యాహ్నం ఫ్యాను. ఇక్కడ ఆకాశం నిర్మలంగా వున్న రాత్రుల్లో నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. కొండల మీది చల్లగాలి బరువుతో జారి పల్లంలో చేరుతుంది. కొన్ని ఏళ్ళలో సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. ఆ చలికోసమే జనం వందలకొద్దీ కార్లలో వస్తారు. మేము ఒక రైతును అడిగి వాళ్ళ కళ్ళంలో బండి నిలిపాము.

చలికి తాళలేక మా ఆవిడ, “కుంపటి రాజేసి లోపల పెడదామా?” అంది.

“వద్దత్తా!” అని మేనల్లుడు గట్టిగా అన్నాడు. “తలుపులు మూసిన బండిల బొగ్గుల కుంపటి పెడితే విషవాయువు పుడుతది. దానికి వాసన వుండదు. నిద్రలనే ప్రాణం తీస్తది. కిటికీ గూడ రెండు వేళ్ళంత తెరిచే వుంచాలె.”

అలాగే రెండు వేళ్ళంత తెరిచి, వున్న చద్దర్లన్నీ కప్పుకుని పడుకున్నాము. వాడు ముందు డ్రైవరు సీటులో, ఒక బల్లమీద మా ఆవిడ, రెండో బల్లమీద బాపు, నడుమ కింద పరుపువేసుకుని నేను. మా ఊపిరి ఆవిరంతా పైరేకుకు పట్టి చుక్కలు చుక్కలుగా మా ముఖాల మీదనే పడుతూ వుంది.

ఒంటిగంటకు కాబోలు, బాపు లేచాడు. చీకట్లో గోడ తడుముకుంటూ, బల్ల అంచు పట్టుకుని, ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టినట్టు వేస్తూ తెరవైపు పోయాడు. నాలుగడుగుల దూరానికి ఎంతసేపు పట్టిందో! తిరిగి వచ్చి కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. గంటకు మళ్ళీ లేచాడు. మూడోసారి లేచినప్పుడు మోకాలు మడతపడింది. నేను మేలుకునే వున్నాను గనుక పట్టుకున్నాను. లేకపోతే పొయ్యిగట్టుకు తల తగిలేది.

టార్చి వేసి చూస్తే కుడి మోచేతి మీద జానెడు పొడుగున మానిన గాయపు మచ్చ.

“ఇదేమిటి బాపూ?”

ఆయన చద్దరు చేతిమీదికి లాక్కున్నాడు. “కార్తీకంల బాయికాడ జారిన. పసుపు పెట్టిన, మానింది.”

కార్తీకంలో కూడా రాత్రి ఎనిమిది గంటలకు నేను ఫోను చేశాను. ‘మంచిగనే వున్న’ అన్నాడు. నేను నమ్మి భోజనానికి కూర్చున్నాను.

తెల్లవారింది. మంచు ఎంత దట్టంగా వుందంటే, పక్క చెట్టు కనబడటం లేదు. నాకు రాత్రి దుఃఖమంతా కోపంగా మారింది. “ఒక్కమాట చెబితే ఏం పోయేది? మేము పరాయివాళ్ళమా?” అని అరిచాను. బాపు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని టీ తాగుతూ మంచులోకి చూస్తున్నాడు. మా ఆవిడ అప్పుడే బండి మెట్టు ముందు తడినేల మీద చిన్న ముగ్గు వేసి చేతులు దులుపుకుంటూ లేచింది. నన్ను బండి చాటుకు పిలిచింది.

“మామయ్యమీద కోపమెందుకు? మీరు రోజూ అడిగేది ‘ఎట్లున్నవు’ అని కాదు. ‘బాగున్నానని చెప్పు, నేను పోయి పడుకుంటాను’ అని. ఆయన మీరు అడిగిందే చెప్పాడు.”

నలభై మంది పిల్లలను నోరెత్తకుండా కూర్చోబెట్టే నాకు ఆ మాటకు జవాబు దొరకలేదు.

చింతపల్లి, పాడేరు దారంతా ఎత్తయిన సిల్వర్ ఓకు చెట్లు. వాటిని అల్లుకుని మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. గిరిజన రైతులు పండిన కాఫీ కాయలను యిళ్ళముందు ఎండబోసుకున్నారు. ఈ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరకు దగ్గర పడినకొద్దీ వలిసె పూల పసుపు అక్కడక్కడ కనబడింది. మా ఆవిడ ఫోటోలు తీసింది. నేను బాపునే చూస్తున్నాను. ఆయన పూలను చూడటం లేదు. కొండ పక్కన సన్నగా మెరిసే రైలు పట్టాలకోసం వెతుకుతున్నాడు.

బస్తరులోని బైలదిల్లా యినుప రాయిని విశాఖపట్నం రేవుకు దించి, ఓడలకెత్తి జపానుకు పంపటానికి 1960లలో వేసిన లైను అది. కొత్తవలస నుంచి కిరండూలు దాకా. కొండలు తొలిచి యాభై ఎనిమిది సొరంగాలు కట్టారు. అరకు దగ్గరి సిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. బ్రాడుగేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని ఒకప్పుడు దానికి పేరు. ఆ స్టేషను బయట బండి ఆపాము. యినుప రాయి నింపుకున్న గూడ్సు ఒకటి కదిలింది. బాపు చేయి అడ్డం పెట్టుకుని పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, యాభై దాటాక మానేశాడు. తమ డేరాలు వున్న చోటు కోసం చూశాడు గాని ఆనవాలు దొరకలేదు. అక్కడంతా చెట్లు పెరిగిపోయినవి.

ఆ రాత్రి అరకులో, సకినాలు టీలో నానబెట్టుకు తింటూ, ఎవరూ అడగకుండానే ఆయన మొదలుపెట్టాడు.

“రెండో ఏడు చలికాలంల జెరమొచ్చింది. చలిజెరం. ఇరవై దినాలు డేరాల పడుకున్న. నెలకో కార్డు యింటికి రాసేటోన్ని. ఆ నెల చెయ్యి వణికి రాయరాలే. పక్క డేరా పాలమూరాయనతోని రాయించిన. ఏం రాయించిన్ననుకున్నవు? ‘ఇక్కడ నేను క్షేమం’ అని.”

“తాత నమ్మిండా?” అన్నాను.

“మా బాపుకు సదువు రాదు. ఊళ్ళె పంతులు సదివి, పిలగాడు మంచిగనే వున్నడని చెప్పిండట. మా బాపు కార్డును అటు తిప్పి యిటు తిప్పి, ‘మాట మంచిగనే వున్నది గని పంతులూ, చేతిరాత వేరేగ వున్నది’ అన్నడట. అక్షరం ముక్క రానోడు!” అని బాపు నవ్వాడు. “అంతకుముందు రైలెక్కి ఎరుగడు. వాల్తేరుల దిగి, అడుక్కుంట అడుక్కుంట కొండెక్కి వచ్చిండు. ఒకనాడు పొద్దుగాల డేరా ముందట నిలబడ్డడు. భుజం మీద గొంగడి. కోపం జెయ్యలే. ‘పోదం పా’ అన్నడు. గొంగడి నాకు కప్పిండు. గంతే. మళ్ళ పనికి పోలే. అప్పటికి నువ్వు మీ అమ్మ కడుపుల వున్నవు.”

బండిలో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత నేనే మెల్లగా అడిగాను. పొద్దుటి గొంతుతో కాదు.

“మరి నువ్వు బాయికాడ పడ్డనాడు నాకు ఎందుకు చెప్పలే బాపూ?”

“చెప్తె నువ్వు గూడ గొంగడేసుకుని వస్తవని” అన్నాడాయన. “ఇల్లిడిచి పోదం పా అంటవని.”

ఆ రాత్రి ఆయన నాలుగుసార్లు లేచాడు. నాలుగుసార్లూ “కొడుకా” అని పిలిచి లేచాడు.

మరునాడు బొర్రా గుహలు. సున్నపురాతిని నీళ్ళు వేల ఏళ్ళుగా కరిగించి, మళ్ళీ చుక్కలు చుక్కలుగా పేర్చిన ఆ లోకం చూడవలసిందే. బాపు మెట్లు దిగలేడు గనుక మేనల్లుడితో పైనే కూర్చున్నాడు. మేమిద్దరం దిగి చూశాము. దిగటం సులభమే. ఎక్కేటప్పుడు సగం మెట్లకే నా రొమ్ము మీద ఎవరో రాయి పెట్టినట్టయింది. ఆ చలిలో చొక్కా తడిసిపోయింది. కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని ఎలాగో పైకి వచ్చాను. మా ఆవిడతో కాలు బెణికిందన్నాను.

బాపు నా ముఖం చూసి, “ఏమైంది?” అన్నాడు.

“ఏం లేదు బాపూ, మంచిగనే వున్న.”

ఆయన నా చేయి పట్టుకున్నాడు. అది చల్లగా, చెమటగా వుంది.

“మాట మంచిగనే వున్నది గని కొడుకా,” అన్నాడు, “చేతిరాత వేరేగ వున్నది.”

ఇక దాచటం నా వల్ల కాలేదు. దసరా సెలవుల్లో పరీక్ష చేయించుకున్నాననీ, గుండెకు ఆంజియోగ్రాం తీయించుకోవాలని డాక్టరు రాశాడనీ, ఆ కాగితం నా సంచి పక్క జేబులోనే మూడు నెలలుగా మడిచి వుందనీ అక్కడే నిలబడి చెప్పేశాను. రిటైరయ్యాక చూద్దామనుకున్నాను. ఎవరినీ కంగారు పెట్టటం ఎందుకనుకున్నాను. సరిగ్గా మా బాపు అనుకున్నదే!

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ కాగితం తీసి తన పర్సులో పెట్టుకుంది. మేనల్లుడు అనంతగిరి ఘాటులో రెండో గేరు వదలకుండా, ఎక్కడా ఆపకుండా శృంగవరపుకోట మీదుగా సాయంకాలానికి విశాఖపట్నం దించి, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇ.సి.జి. తీసి, యీ పూటకు ప్రమాదం లేదుగాని యికమీద ఆలస్యం చేయవద్దన్నారు. రాత్రికి అక్కడే వుంచుకుని మందులిచ్చి పంపారు.

పొద్దున యింటిదారి పట్టేముందు పది నిమిషాలు సముద్రం ఒడ్డున బండి నిలిపాము. 1964లో జ్వరంలో తండ్రి భుజం మీద వాలి రైలెక్కిన మా బాపు, అప్పుడు చూడని సముద్రాన్ని యిప్పుడు బండి తలుపులో కూర్చుని, ఒక చేత్తో నా చొక్కా అంచు పట్టుకుని చూశాడు. దూరాన లంగరు వేసిన ఓడలు వరుసగా వున్నాయి. “గా రాయి అంత దూరం పోతదన్నట్టు” అన్నాడు.

మాఘమాసంలో నాకు ఆంజియోగ్రాం చేసి, ఒక స్టెంటు వేశారు. ఆ పదిహేను రోజులూ బాపు హనుమకొండలో మా యింట్లోనే వున్నాడు, నన్ను చూసుకోవటానికి. “పొద్దు పోదు” అని ఒక్కసారీ అనలేదు. తరువాత పల్లెకు పోతానన్నాడు. ఈసారి నేను పట్టుపట్టలేదు. ఆయన మంచం పక్కన రాత్రంతా వెలిగే చిన్న దీపం, పాయిఖానా దాకా గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రులు తోడు పడుకోవటానికి పక్కింటి కుర్రవాడు ఏర్పాటయ్యారు. వచ్చే చలికాలం నాలుగు నెలలూ మా దగ్గర వుండటానికి ఆయన ఒప్పుకున్నాడు. అప్పటికి నేనూ రిటైరవుతాను గనుక, ఎండాకాలం ఆయన దగ్గర వుండటానికి మేము ఒప్పుకున్నాము.

ఫోను మాత్రం రాత్రి ఎనిమిదికి యథాప్రకారం పోతుంది.

“ఎట్లున్నవు బాపూ?” అన్నాను నిన్న.

“ఏమెట్ల! రాత్రి నాలుగుసార్లు లేచిన. మోకాలు గుంజుతున్నది. నువ్వు పంపిన గోలీలు కడుపుల మంట చేస్తున్నయి. పక్కింటి పిలగాడు గురక పెడుతడు. నువ్వెట్లున్నవు?”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాకూ చెప్పవలసినవి చాలా వున్నవి.